తొట్టి ఒకటి, సమాధుల తోటలు రెండు

ఆర్.సి.ఎం. గుడిలో జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి మనల్ని ఊహ తెలియని వయసులో తీసుకుపోతారు. తరవాత జీవితమంతా దాని పక్కనుంచే గుడిలోకి పోతాం, వస్తాం. పీఠం మీద పూలు చూస్తాం, మాత స్వరూపం చూస్తాం, పాటలవాళ్ళ మైకు చూస్తాం. తొట్టిని మాత్రం చూడం. ఈసారి సంపాదకీయం ఆ తొట్టి గురించే.

దళిత ఉద్యమ పత్రికకు గుడిలో తొట్టితో ఏం పని అని కొందరు అడగొచ్చు. పని ఉంది. మన పల్లెల్లో పెద్ద పెద్ద గొడవలు నీళ్ళ దగ్గరే మొదలయ్యాయి. చెరువు దగ్గర, బావి దగ్గర, కుళాయి దగ్గర. అందరికీ నీళ్ళు ఒకటే అని రాతితో కట్టి చెప్పిన వస్తువు ఊళ్ళో ఏదన్నా ఉంటే అది ఈ తొట్టే. ఆ మాటను గుడి పెద్దలు నిలబెట్టారా లేదా అని అడిగే హక్కు మనకుంది. అడగాలంటే అది చెప్పే మాట ఏంటో ముందు మనకు తెలియాలి.

మొదట్లో తొట్టి లేదు, నది ఉంది. యేసు యోర్దాను నదిలోకి దిగాడు. తొలినాటి క్రైస్తవులు తమ సంఘం కోసం రాసుకున్న 'దిదఖే' అనే చిన్న పుస్తకంలో జ్ఞానస్నానం పారే నీళ్ళలో ఇవ్వాలనీ, అవి దొరక్కపోతే వేరే నీళ్ళలో ఇవ్వొచ్చనీ, అవీ చాలకపోతే తలమీద మూడుసార్లు పోస్తే చాలనీ ఉంది. అంటే ముఖ్యం నీళ్ళు. గిన్నె ఏదన్నది తరవాతి సంగతి.

సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్నం ఉంది. క్రీ.శ. 240 ప్రాంతంలో అక్కడివాళ్ళు ఒక మామూలు ఇంటిని గుడిగా మార్చుకున్నారు. తవ్వకాల్లో ఆ ఇల్లు బయటపడింది. అందులో ఒక చిన్న గదిలో నీళ్ళ తొట్టి కట్టారు. పైకప్పుకు చుక్కలు వేశారు. వెనక గోడమీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మ వేశారు. ఇప్పటిదాకా బయటపడిన జ్ఞానస్నానపు గదుల్లో అన్నిటికన్నా పాతది అదే. అక్కడ సింహాసనం బొమ్మ లేదు. కూలి చేసుకునే గొర్రెల కాపరి బొమ్మ ఉంది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

నాలుగో శతాబ్దంలో రోము రాజులే క్రైస్తవులయ్యాక పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. రోములోని లాతరాను గుడి పక్కన, మిలాను పట్నంలో ఎనిమిది మూలల తొట్లు, ఎనిమిది మూలల గదులు కట్టారు. ఎనిమిదే ఎందుకు? దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడని బైబిలు లెక్క. క్రీస్తు సమాధిలోంచి లేచింది ఆ ఏడూ అయిపోయిన మర్నాడు, ఎనిమిదో రోజున. పాత వారం చెల్లిపోయింది, కొత్త లోకం మొదలైంది అని దాని అర్థం. నోవా ఓడలో జలప్రళయం దాటి బతికి బయటపడింది కూడా ఎనిమిది మందే. పేతురు మొదటి లేఖ ఆ నీళ్ళనే జ్ఞానస్నానానికి గుర్తుగా చెప్తుంది.

కొన్నిచోట్ల ఆరు మూలల తొట్లు కట్టారు. ఆరో రోజు శుక్రవారం, శిలువ వేసిన రోజు. ఉత్తర ఆఫ్రికాలో శిలువ ఆకారంలోనే నేలలోకి తవ్వారు. గుండ్రంగా కడితే అది తల్లి కడుపుకు గుర్తు. గుంటలాగా మెట్లు పెట్టి కడితే అది సమాధికి గుర్తు. ఒక పక్క దిగటానికి మెట్లు, ఇంకో పక్క ఎక్కటానికి మెట్లు. నీళ్ళలోకి దిగినవాడు క్రీస్తుతోబాటు పాతిపెట్టబడ్డట్టు, పైకి వచ్చినవాడు కొత్త బతుకుతో లేచినట్టు అని పౌలు రోమీయులకు రాసిన లేఖలో ఆరో అధ్యాయంలో చెప్పాడు. ఆ మాటకు రాతిరూపమే తొట్టి. అదే కడుపు, అదే సమాధి. పాత పుట్టుక అందులో చావాలి, కొత్త పుట్టుక అందులోంచి రావాలి. మన దేశంలో పాత పుట్టుక అంటే ఏంటో మనకు వేరే చెప్పాలా? కులమే కదా!

చిన్నపిల్లలకు ఇవ్వటం మామూలయ్యాక నేలలో గుంటలు పోయి స్తంభం మీద రాతి గిన్నెలు వచ్చాయి. వాటిమీద పావురం, చేప, నీళ్ళకు వచ్చిన దుప్పి బొమ్మలు చెక్కారు. బెల్జియంలో లియేజ్ అనే ఊళ్ళో పన్నెండో శతాబ్దం మొదట్లో పోతపోసిన ఇత్తడి తొట్టి ఒకటుంది. అది ఎడ్ల వీపులమీద నిలబడి ఉంటుంది. మొదట పన్నెండు ఎడ్లు, ఇప్పుడు పది మిగిలాయి. సొలొమోను గుడిలో పన్నెండు ఎడ్లమీద పెట్టిన పెద్ద కంచు తొట్టిని చూసుకుని ఆ పని చేశారు. దేవుడి నీళ్ళను మోసేది పనిచేసే జీవాలే అని ఆ పోతపనివాడు చూపించాడు. పదమూడో శతాబ్దంలో ఇంగ్లండులో బిషప్పులు తొట్లకు మూతలు పెట్టి తాళాలు వెయ్యమని ఆజ్ఞలిచ్చారు. మంత్రాలకూ చేతబళ్ళకూ జనం ఆ నీళ్ళు ఎత్తుకుపోతున్నారని కారణం చెప్పారు. అప్పటినుంచే నీళ్ళకు తాళంచెవి, ఆ చెవికి ఒక యజమాని వచ్చారు.

తొట్టి పెట్టే చోటుకు కూడా అర్థం ఉంది. పాత పద్ధతిలో అది గుమ్మం దగ్గర ఉంటుంది. జ్ఞానస్నానమే సంఘంలోకి వాకిలి కాబట్టి. గుమ్మం పక్కన చిన్న గిన్నెలో ఉన్న తీర్థంలో వేలు ముంచి శిలువ గుర్తు వేసుకుంటాం చూడండి, అది ఆ తొట్టిని గుర్తుచేసుకోవటానికే. ఈస్టరు ముందు రాత్రి పాస్కా కొవ్వొత్తిని తీసుకొచ్చి నీళ్ళలో ముంచి ఆ నీళ్ళను దీవిస్తారు. తరవాత జ్ఞానస్నానం పొందిన ప్రతి బిడ్డకూ ఆ పెద్ద కొవ్వొత్తి నుంచే చిన్న కొవ్వొత్తి వెలిగించి ఇస్తారు. తెల్లబట్ట కప్పుతారు. నడినెత్తిన అభిషేక తైలం రాస్తారు. ఆ తైలాన్ని పవిత్ర వారంలో బిషప్ గారు దీవించి మేత్రాసనంలోని గుళ్ళన్నిటికీ పంపిస్తారు. యాజకుడు, ప్రవక్త, రాజు అయిన క్రీస్తులో ఈ బిడ్డకు భాగం ఉంది అని ఆ తైలం అర్థం. మాదిగ గూడెంలో, మాలపల్లెలో పుట్టిన బిడ్డకు కూడా అదే తైలం, అదే మాట. నువ్వు యాజకుడివి, నువ్వు రాజువి అని మన బిడ్డ నెత్తిమీద చెయ్యిపెట్టి చెప్పిన చోటు ఈ దేశంలో ఇంకెక్కడుంది? మనువు మన చెవుల్లో కాగిన నూనె పొయ్యమంటే తొట్టి మన తలమీద నీళ్ళు పోసింది. అందుకే మన తాతలు ఆ తొట్టి దగ్గరికి నడిచిపోయారు. బువ్వ కోసం పోయారని ఎగతాళి చేసేవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ అర్థం కాదు.

అయితే కులం ఆ తొట్టి దాకా వెంటవచ్చింది. ఇదీ చరిత్రే. పద్ధెనిమిదో శతాబ్దంలో తెలుగుదేశంలోకి వచ్చిన యేసుసభ గురువులు సన్యాసుల వేషం వేసుకుని పైకులాల మధ్య పనిచేశారు. రెడ్లలో, కమ్మవాళ్ళలో కథోలికులు అట్లా వచ్చారు. అప్పటి జ్ఞానస్నాన విధిలో గురువు తన ఉమ్మిని వేలితో తీసుకుని బిడ్డ చెవులకూ ముక్కుకూ తాకించాలి. యేసు చెవిటివాణ్ణి బాగుచేసిన తీరుకు అది గుర్తు. ఇక్కడి పైకులాలవాళ్ళకు ఉమ్మి మైల. అందుకని ఆ గురువులు ఆ భాగాన్ని వదిలేశారు. జబ్బుపడ్డ పరయల ఇళ్ళలోకి పోయి దేవద్రవ్యానుమానాలు ఇవ్వటం కూడా మానుకున్నారు, పోతే పైకులాలు తమను వెలివేస్తాయని. దీనిమీద రోము దాకా తగాదా పోయింది. 1704లో పోపుగారి ప్రతినిధి తూర్నాన్ పుదుచ్చేరిలో ఆజ్ఞ ఇచ్చాడు, ఉమ్మి మానొద్దు, పరయల ఇళ్ళకు పోవాల్సిందే అని. నలభై ఏళ్ళు లాగి 1744లో పోప్ 14వ బెనెడిక్టు తుది తీర్పు చెప్పాడు. అప్పుడు దొరికిన దారి ఏంటో తెలుసా? పైకులాలకు ఒక రకం గురువులు, పరయలకు ఇంకో రకం గురువులు! దేవుడు ఒకడే, గురువులు మాత్రం ఇద్దరు. మన గ్లాసులు రెండైనట్టే.

మన ప్రాంతంలో ఇంకో నీళ్ళ చరిత్ర ఉంది. అది కథోలికులది కాదు, బాప్టిస్టులది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. కరువు సాయం జరుగుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని. పని అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. ఊరి బావిని ముట్టనివ్వని జనానికి ఆ రోజు ఏరే తొట్టి అయింది. దానికి తాళమూ లేదు, మూతా లేదు.

ఇటు కృష్ణకు 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారాయి. పొలం ఉన్నవాడికి పంట పండింది. మట్టి మోసిన మన చేతులకు కూలి మిగిలింది. మోటబావికి తోలు బాన కుట్టింది మాదిగ. ఆ బాన తోడిన నీళ్ళు అందరూ తాగారు, అదే బావిని మాదిగ ముట్టకూడదన్నారు. డెల్టాలో గుళ్ళు కూడా ఆ కాలువ గట్లమీదే లేచాయి. 1924లో గుణదలలో లూర్దుమాత భక్తి మొదలైంది. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడింది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల పండక్కి వచ్చే జనంలో మనవాళ్ళు ఎంతమందో కొండ కింద నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు 1985కు రండి. జులై 17న కారంచేడులో మారణకాండ. గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ళ చెరువు దగ్గర. మాదిగలు తాగే నీళ్ళను పైకులం కుర్రాళ్ళు పాడుచేస్తుంటే అడిగినందుకు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు వేటాడి ఆరుగురిని చంపారు. ఆ చచ్చిపోయినవాళ్ళలో మోషే ఉన్నాడు. సువార్త, మోషే. ఈ పేర్లు ఎక్కడివి? నీళ్ళ దగ్గర పెట్టిన పేర్లు కావా? గొడ్డలి ఎత్తినవాడు 'నీ పేరు మోషే, నువ్వు క్రైస్తవుడివి, నీకు కులం లేదు' అని వదిలిపెట్టాడా?

అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. మద్రాసు రోడ్డుపక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన ఆ కేసు వేశాడు. షెడ్యూల్డు కులాల చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఈయన క్రైస్తవుడని ఇవ్వలేదు. క్రైస్తవంలోకి పోయాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపించాలి అని కోర్టు కేసు కొట్టేసింది. కారంచేడు నెత్తురు ఆరి రెండున్నర నెలలు. ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కట్టి కాలువలో వేశారు. జ్ఞానస్నానానికి వాడే కృష్ణ నీళ్ళలోనే మనవాళ్ళ శవాలు తేలాయి. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఈ చిక్కుకు మూలం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులనూ ముస్లింలనూ బయటే ఉంచారు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుడికి బి.సి.-సి కింద దక్కేది ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమంది. 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వక్కర్లేదంది. పసితనంలో ఇచ్చిన జ్ఞానస్నానం కూడా అక్కడ సాక్ష్యమైంది. 2025లో మన హైకోర్టు క్రైస్తవంలోకి పోయినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది.

దీంతో మన పల్లెల్లో బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు అయింది. తల్లిదండ్రులు బిడ్డను తొట్టి దగ్గరికి తీసుకుపోవటానికి భయపడుతున్నారు, రిజిస్టరులో పేరు పడితే రేపు ఉద్యోగం పోతుందేమోనని. ప్రభుత్వం అంటుంది, తొట్టి నీళ్ళు మీ కులాన్ని కడిగేశాయి అని. ఊరు అంటుంది, మిమ్మల్ని ఏ నీళ్ళూ కడగలేవు అని. ఇద్దరూ కలిసి ఒకే మనిషిని రెండువైపులా కొడుతున్నారు. మతం మారితే మనిషి సాంఘిక స్థితి మారలేదని అంబేద్కర్ దళిత క్రైస్తవుల గురించి రాసి ఎన్ని దశాబ్దాలైంది!

కోర్టునూ ప్రభుత్వాన్నీ అడిగే ముందు గుడి పెద్దలను కూడా అడగాలి. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారతపై విధానపత్రం విడుదల చేసింది. సంఘంలో అంటరానితనం ఉందని వాళ్ళే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు సంతోషం. విజయవాడ బిషప్పుగా చేసిన మారంపూడి జోజిగారు 2000లో హైదరాబాదు అగ్రపీఠానికి వెళ్ళారు, దేశంలో తొలి దళిత ఆర్చిబిషప్పుగా. పూల అంతోనిగారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, తొలి దళిత కార్డినల్‌గా. గర్వపడ్డాం. కానీ పైన ఎర్ర టోపీ వచ్చినంత మాత్రాన కింద గోడ కూలదు. తమిళనాడు తిరుచిరాపల్లిలో మేలపుదూరు కథోలిక సమాధుల తోటలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడే కట్టారు. మీ ఊళ్ళో సంగతి మీరే చూసుకోండి. ఏ సమాధి ఎక్కడుంది, పెళ్ళి బల్లమీద ముందు వరస ఎవరిది, గుడి కమిటీలో ఎవరున్నారు? ఒకే తొట్టిలో క్రీస్తుతోబాటు పాతిపెట్టబడ్డవాళ్ళు చచ్చాక రెండు చోట్ల పాతిపెట్టబడితే ఆ తొట్టికి అర్థం ఏముంది?

మాలపల్లెకూ మాదిగ గూడేనికీ వేరువేరు గుళ్ళు కట్టుకున్న ఊళ్ళూ ఉన్నాయి. పైకులాలను అడిగే ప్రశ్న అక్కడ మనం ఒకరినొకరం కూడా అడుక్కోవాలి.

కార్యకర్తలు ఊళ్ళో కూర్చుని మాట్లాడటానికి కొన్ని సంగతులు చెప్తున్నాం. ఇవి మనం పుట్టించినవి కావు. 1983 నాటి కథోలిక సంఘ చట్టంలోనే ఉన్నాయి.

ఒకటి: ప్రతి విచారణ గుడిలో తొట్టి ఉండాలని 858వ నిబంధన. విచారణ పరిధిలోని వేరే గుళ్ళలో కూడా జనం సౌకర్యం కోసం తొట్టి పెట్టటానికి బిషప్ గారు అనుమతి ఇవ్వొచ్చు, పెట్టమని ఆజ్ఞ కూడా ఇవ్వొచ్చు. ఊరి గుడికి పాలరాతి తొట్టి, పల్లె గుడికి ఎనామిల్ బేసినూ స్టీలు చెంబూ అయితే అర్జీ రాయండి.

రెండు: జ్ఞానస్నానపు రిజిస్టరులో ఏమేం రాయాలో 877వ నిబంధన చెప్తుంది. బిడ్డ పేరు, ఇచ్చినవారి పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, సాక్షులుంటే వాళ్ళు, జ్ఞానస్నానం, పుట్టుకల చోటూ తేదీ. కులం గడి లేదు. ఎక్కడన్నా కులం రాస్తుంటే ఎందుకు రాస్తున్నారని అడగండి.

మూడు: ప్రాణం మీదికి వస్తే సరైన ఉద్దేశంతో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని 861వ నిబంధన. జ్ఞానస్నానం పొందనివాళ్ళు కూడా ఇవ్వొచ్చు. అంటే కొన ఊపిరితో ఉన్న కమ్మవారి బిడ్డకు మాదిగ మంత్రసాని పోసిన నీళ్ళు బిషప్ గారు పోసిన నీళ్ళతో సమానం. ఆ చేతి నీళ్ళు చావుబతుకుల్లో చెల్లితే మామూలు రోజుల్లో ఎందుకు చెల్లవు? కమ్మవారి, రెడ్ల పిల్లలకు మన ఇళ్ళనుంచి జ్ఞాన తల్లిదండ్రులు ఎందుకు నిలబడరు?

నాలుగు: కొత్త తొట్టి కట్టేటప్పుడు దానిమీద ఏ బొమ్మ ఉండాలో మనం చెప్పాలి. భారతీయత పేరుతో గుళ్ళలోకి తామరపువ్వు, పూర్ణకలశం వచ్చాయి. అవి అగ్రహారంనుంచి వచ్చిన గుర్తులు. భారతీయత అంటే అగ్రహారమేనా? కుండ మన కుమ్మరి చేసింది. తోలుబాన మన మాదిగ కుట్టింది. కారంచేడు చెరువుగట్టున ఎత్తిన బిందె మన ఆడబిడ్డది. దూరా యూరోపస్‌లో గోడమీద గొర్రెల కాపరిని వేసుకున్నప్పుడు మన డెల్టా తొట్టిమీద బిందె ఎందుకు ఉండకూడదు?

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు అంబేద్కర్ దోసిట పట్టి తాగాడు. ఆ చెరువు నీళ్ళు తాగినంత మాత్రాన అమరులం కాబోమని ఆయనకు తెలుసు. మనమూ మనుషులమే అని చాటటానికి తాగాడు. తొట్టి దగ్గరా మనం అడిగేది అదే. గుమ్మం దగ్గర రాయి చెప్పే మాటను సమాధుల తోట దాకా నిలబెట్టండి. లేదంటే ఆ తొట్టికి ఎనిమిది మూలలు కట్టి లాభం లేదు, ఎనిమిదో రోజు మన పల్లెకు ఇంకా రాలేదు. దాన్ని తెచ్చుకోవాల్సింది మనమే. వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఇంటికి పోకుండా గుడి అరుగుమీద కూర్చోండి. ఈ నాలుగు సంగతులూ చదివి వినిపించండి. ఏం తేలిందో మాకు రాయండి.

జై భీం.